సాఫ్ట్‌వేర్ ‘గ్రీన్’ చూపించింది, ఆసుపత్రి వార్డుకి పంపింది: నెల్లూరులో నడిపిన ఒక వైద్య నిర్లక్ష్యం కేసు

నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేను రోగి తరఫున నడిపిన కేసు ఇది. మధ్యవర్తిత్వంలో ముగిసింది కాబట్టి తీర్పు లేదు, లా రిపోర్టుల్లో వెతికినా దొరకదు. రాయాలనుకోవడానికి కారణం అదే. రోగి పడక వార్డులోనా ఐసీయూలోనా అన్నది కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ చూపించే రంగును బట్టి తేలే రోజులు మన జిల్లా కేంద్రాలకూ వచ్చేశాయి. అది తప్పితే జవాబు చెప్పాల్సింది ఎవరన్న ప్రశ్నకు మన చట్టంలో సమాధానం లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, లాయర్లతో సహా. ఉందని ఈ కేసు నడిపాక నాకు గట్టిగా అనిపించింది. ఆసుపత్రి పేరు, కంపెనీ పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను.

రోగి పొదలకూరు వైపు నిమ్మతోట కౌలుకి చేసుకునే రైతు. వయసు యాభై దాటింది. బీపీకి ఏళ్ల తరబడి అటెనలాల్ వేసుకుంటున్నాడు. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి తోటల్లో గడ్డి ఏపుగా లేచిన రోజులవి. పాదుల్లో గడ్డి చెక్కిన వారం పది రోజులకు జ్వరం పట్టుకుంది. ఊళ్లో సెలైన్ ఎక్కించుకున్నాడు, పారాసిటమాల్ వేసుకున్నాడు, తగ్గలేదు. మండల కేంద్రంలో చూసిన ఎంబీబీఎస్ డాక్టరు ఊపిరి లెక్కపెట్టి నిమిషానికి 26 అని, అటెనలాల్ వాడుతున్నాడని చీటీ మీద రాసి, ఆలస్యం చేయకుండా నెల్లూరు తీసుకుపొమ్మన్నారు. తర్వాత కేసుకి ప్రాణం పోసింది ఈ చీటీయే.

రాత్రి తొమ్మిది దాటాక నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీకి చేరారు. నర్సు ట్యాబ్‌లో అంకెలు ఎక్కించింది. జ్వరం 99.6, నాడి 88, బీపీ 110/70, ఆక్సిజన్ 94, శ్వాస 18. సాఫ్ట్‌వేర్ పని ఏమిటంటే, ఈ అంకెలు తీసుకుని, రాబోయే గంటల్లో మనిషి విషమించే అవకాశం ఎంతో లెక్కగట్టి గ్రీన్, ఎల్లో, రెడ్‌లలో ఒక రంగు చూపించడం. గ్రీన్ చూపించింది. డ్యూటీ డాక్టరు కేస్‌షీట్‌లో ‘రిస్క్ లో, వార్డుకి’ అని రాసి సంతకం పెట్టారు. ఊరి డాక్టరు రాసిన చీటీని ఎవరో కేస్‌షీట్ వెనక స్టేపుల్ చేశారు.

గంట తర్వాత రక్తపరీక్షలు వచ్చాయి. ప్లేట్‌లెట్లు 78,000, అంటే తక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9, అంటే ఎక్కువ. ల్యాబ్ రిపోర్టు వచ్చినంత మాత్రాన ఆ సాఫ్ట్‌వేర్‌లో రంగు మారదు. నర్సు మళ్లీ వైటల్స్ (నాడి, బీపీ, శ్వాస లాంటి అంకెలు) ఎక్కించినప్పుడే లెక్క తిరిగి నడుస్తుంది. ఎక్కించినప్పుడల్లా శ్వాస 18. అర్ధరాత్రి 18, రెండు గంటలకూ 18. తెల్లవారుజామున బీపీ పడిపోయి ఐసీయూకి మార్చాక, అక్కడి చార్టులో మొదటి అంకె 36.

కొడుకు నా దగ్గరికి వచ్చినప్పుడు చెప్పిన మాట ఇది: “సార్, మా నాయన ఆయాసపడతా ఉండాడని నేను పోయి పోయి చెప్పినా. కంప్యూటర్లో గ్రీన్ ఉంది, ఏం కాదు, పోయి పడుకోమన్నారు.” దీన్ని అఫిడవిట్‌లో దాదాపు ఇదే మాటల్లో పెట్టాను.

జబ్బు స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది అతని చంకలో ఉంది. మరునాడు ఐసీయూ కన్సల్టెంట్ చొక్కా విప్పించి చూసేదాకా ఎవరూ చూడలేదు. డాక్సీసైక్లిన్ అప్పుడు మొదలైంది. అది ఖరీదైన మందు కాదు, కొత్తదీ కాదు. వెంటిలేటర్, డయాలసిస్ అయ్యాక మనిషి బతికాడు. కానీ ఎడమ కాలి వేళ్లు మూడు నల్లబడి తీసేయాల్సి వచ్చింది. పాదుల్లో గట్టిగా నిలబడి పని చేయలేని రైతుకి కౌలు తోట ఎవరిస్తారు?

అంకెల సంగతి

సాఫ్ట్‌వేర్ లోపలి లెక్క ఏమిటో కంపెనీ బయటపెట్టలేదు, వ్యాపార రహస్యం అంది. అందుకని కమిషన్‌కి అర్థమయ్యేలా చూపించడానికి అందరికీ తెలిసిన కొలమానం ఒకటి తీసుకున్నాం. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన, రోగి విషమించే ముప్పును కొలిచే న్యూస్-2 స్కోరు అది. కాగితం మీద కూడా వేసుకోవచ్చు. ట్యాబ్‌లో ఎక్కించిన అంకెలతో లెక్కేస్తే ఆక్సిజన్ 94కి 1, పై బీపీ 110కి 1, మిగతావాటికి సున్నా, మొత్తం 2. తక్కువ ముప్పే. శ్వాస 18 బదులు చీటీలో ఉన్న 26 వేస్తే ఆ ఒక్కదానికే 3 కలిసి మొత్తం 5 అవుతుంది. అర్జెంటుగా డాక్టరు వచ్చి చూడాల్సిన గీత సరిగ్గా 5 దగ్గరే ఉంది.

నాడి సంగతి ఇంకా ముఖ్యం. అటెనలాల్ గుండె వేగాన్ని పట్టి ఉంచే మందు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతున్నా నాడి పరుగెత్తదు. పారాసిటమాల్ వేసుకుని వచ్చిన మనిషికి జ్వరం అంకె కూడా నిజం చెప్పదు. ఈ రెండూ తెలిసిన డాక్టరు 88ని చూసి నిశ్చింతగా ఉండరు. వాడుతున్న మందుల వివరం ఎక్కించడానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో గడి ఉంది గానీ, రంగు లెక్కలోకి అది పోదు. మేం రాతపూర్వకంగా వేసిన ప్రశ్నలకు (ఇంటరాగేటరీలు) ఇచ్చిన జవాబులో కంపెనీయే ఒప్పుకుంది.

ఇక శ్వాస 18. వార్డుల్లో నాడి, బీపీ, ఆక్సిజన్ మిషన్ చూపిస్తుంది. శ్వాసను మాత్రం మనిషి నిమిషం సేపు నిలబడి లెక్కపెట్టాలి. ముప్పై మందికి ఒక నర్సు ఉన్న చోట ఆ నిమిషం దొరకదు. అందుకే చార్టుల్లో 18, 20 వరసగా కనిపిస్తాయి. కృత్రిమ మేధ గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, అది తినేది ఈ 18నే. నర్సును నేను తప్పుపట్టలేదు. అన్ని పడకలకు ఒకరినే పెట్టిన యాజమాన్యాన్ని తప్పుపట్టాను.

రికార్డు కోసం పోరాటం

కేసులో ఎక్కువ శ్రమ ఇక్కడే పోయింది. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి ప్రకారం రోగి గానీ, అతను అధికారం ఇచ్చినవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి. నోటీసు ఇచ్చాం. కేస్‌షీట్, నర్సింగ్ చార్టు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఏ నిమిషానికి ఏ అంకెలు తీసుకుని ఏ రంగు చూపించింది, ఆ తెర ఎవరు తెరిచి చూశారు, ఆ రోజు నడుస్తున్నది ఏ వెర్షన్ అన్నది మాత్రం రాలేదు. అది మా దగ్గర ఉండదు, కంపెనీ సర్వర్లో ఉంటుందని ఆసుపత్రి అంది. రోగుల గోప్యత దృష్ట్యా ఇవ్వలేమని కంపెనీ అంది. అడుగుతున్నది ఆ రోగే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన డేటా గురించి తెలుసుకునే హక్కు మనిషికే ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చి, ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. కాబట్టి దాని మీదే ఆధారపడదలచుకోలేదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38(9) కింద పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. ఐఏ, అంటే కేసు మధ్యలో పెట్టుకునే దరఖాస్తు, వేశాం. లాగ్ (ఏ నిమిషానికి ఏం జరిగిందో సాఫ్ట్‌వేర్ దాచుకునే రికార్డు), వెర్షన్ వివరాలు, ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య ఒప్పందం, సాఫ్ట్‌వేర్ వాడకం మీద ఆసుపత్రి ఇచ్చిన అంతర్గత ఆదేశాలు అడిగాం. లాగ్ కొద్ది వారాలకే తుడిచిపోయేలా పెట్టి ఉందని, ఆ రాత్రిది ఇప్పుడు లేదని కంపెనీ అఫిడవిట్ వేసింది. దానికి తోడు, అవే అంకెలు ఇప్పటి వెర్షన్‌లో వేస్తే ఎల్లో వస్తుందని డెమో చూపించింది. మా సాఫ్ట్‌వేర్ మంచిదని చెప్పుకోవడానికి చూపించారు. మేం దాన్ని మరోలా చదివాం. ఆ రాత్రికీ ఈ రోజుకీ మధ్య లెక్క మారింది, ఎప్పుడు ఎందుకు మారిందో రాసిన కాగితం ఎవరి దగ్గరా లేదు.

తన దగ్గర ఉండాల్సిన సాక్ష్యాన్ని పార్టీ చూపించకపోతే, చూపిస్తే అది తనకు వ్యతిరేకంగా ఉండేదని కోర్టు ఊహించవచ్చు. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 114లో ఉన్న ఈ సూత్రం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 119లో ఉంది. నోటీసు అందేనాటికి లాగ్ తుడిచిపోలేదని తేదీలతో చూపించగలిగాం. వాదనలో మాకు అన్నిటికన్నా బలమైన చోటు అదే.

ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, దాని బాధ్యతలు విడతలుగా వర్తిస్తాయి. అధిక ముప్పు వర్గంలోని వ్యవస్థను వాడేవాళ్లు తమ అధీనంలో ఉన్న లాగ్‌లను కనీసం ఆరు నెలలు ఉంచాలని అందులో ఉంది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కానీ లాగ్ ఉంచమని చెప్పడానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదన్నది నా అభిప్రాయం. రోగి పడక ఎక్కడన్నది ఒక లెక్కను బట్టి నిర్ణయించారంటే, ఆ లెక్క ఈసీజీ కాగితం లాగే వైద్య రికార్డులో భాగం. 72 గంటల నియమం దానికీ వర్తించాలి.

సర్క్యులర్

ఐఏ మీద వచ్చిన కాగితాల్లో ఒక పేజీ సర్క్యులర్ ఉంది. గ్రీన్ చూపించిన రోగిని ఐసీయూకి పంపాలంటే డ్యూటీ డాక్టరు కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. ఎల్లో, రెడ్‌లకు అక్కర్లేదు. ఐసీయూ పడకలు వృథా కాకుండా పెట్టామని ఆసుపత్రి కమిషన్‌కి ఇచ్చిన జవాబులో (కౌంటర్) రాసింది.

అప్పటిదాకా ఆసుపత్రి, కంపెనీ ఇద్దరిదీ ఒకటే పాట. సాఫ్ట్‌వేర్ సలహా మాత్రమే ఇస్తుంది, తుది నిర్ణయం డాక్టరుది. చట్టం కూడా అలాగే ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, కృత్రిమ మేధ మీద నడిచే వేదికలు రోగికి సలహా చెప్పకూడదు, మందులు రాయకూడదు, రిజిస్టర్డ్ డాక్టరుకి సాయపడవచ్చు అంతే అన్నాయి. వైద్యంలో కృత్రిమ మేధ మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలూ మనిషి పర్యవేక్షణ ఉండి తీరాలన్నాయి. ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చట్టం కావు గానీ, శ్రద్ధ అంటే ఏమిటో తేల్చేటప్పుడు కమిషన్ ముందు పెట్టడానికి పనికొస్తాయి.

అయితే సర్క్యులర్ ఏం చేసింది? సలహాను ఒప్పుకుంటే ఏ అడ్డూ లేదు. కాదంటే మాత్రం రాత్రి పదకొండింటికి పెద్ద డాక్టరుని నిద్రలేపి సంజాయిషీ చెప్పుకోవాలి. డ్యూటీ డాక్టరు చదువు అయిపోయి ఎంతో కాలం కాని అమ్మాయి. కేసు నడిచేనాటికి ఆ ఆసుపత్రి వదిలేశారు. మా ఇంటరాగేటరీలకు ఆమె ఇచ్చిన జవాబు నిజాయితీగా ఉంది. అంతకుముందు గ్రీన్ రోగుల కోసం ఫోన్ చేసి మాట పడ్డానని, ఆ రాత్రి అందుకే చేయలేదని చెప్పారు. చీటీ వెనక ఉందని చూడలేదనీ ఒప్పుకున్నారు.

జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పిన కొలత ప్రకారం, ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం ఉన్న డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేస్తారన్నదే ప్రశ్న. చీటీ చదవకపోవడం లోపమే. కానీ నిర్ణయం పేరుకి ఆమెది, ఆచరణలో సర్క్యులర్‌ది. బాధ్యత ఆమె నెత్తిన పెట్టి అధికారం తెరకి ఇచ్చిన ఏర్పాటుకి జవాబు చెప్పాల్సింది యాజమాన్యం. ఆమె పేరు ప్రతివాదుల నుంచి తొలగించమని మేమే మెమో వేశాం. కొడుకుకి మొదట కష్టంగా అనిపించింది. సర్క్యులర్ తెలుగులో చదివి వినిపించాక ఒప్పుకున్నాడు.

నిపుణుడి నివేదిక లేకుండా కేసు నిలవదని ఎదుటివాళ్లు అభ్యంతరం పెట్టారు. దానికి మన దగ్గరి కేసే ఉంది. మలేరియా వచ్చిన మనిషికి టైఫాయిడ్ వైద్యం చేశారన్న ఆరోపణతో హైదరాబాద్ ఆసుపత్రి మీద నడిచిన వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు 2010లో, ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదంది. జ్వరం పేరు పోల్చుకోలేకపోవడం గురించిన కేసు కాబట్టి మా వాస్తవాలకు బాగా దగ్గర. అయినా ఒక ఫిజీషియన్ అఫిడవిట్ వేయించాం. నర్సింగ్ చార్టులో వరసగా ఉన్న 18ల గురించి డాక్టరు చెబితే ఉండే బరువు లాయరు చెబితే ఉండదు.

కంపెనీని ఎందుకు చేర్చాం

ఉత్పత్తి బాధ్యత అధ్యాయం 2019 చట్టంలో కొత్తగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ ‘ఉత్పత్తి’యే కాదని కంపెనీ మొదటి అభ్యంతరం. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో సుప్రీంకోర్టు 2004లో రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా పరిగణించింది. అది అమ్మకం పన్ను కేసు, పైగా సీడీల కాలం నాటిది. నెలనెలా చందా కట్టి సర్వర్ మీద వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి అది నేరుగా అతుకుతుందని నేను ధీమాగా చెప్పలేను. అందుకే సేవాలోపం అన్న వాదనను కూడా పక్కనే పెట్టుకున్నాం.

రెండో అభ్యంతరం, ఇది వైద్య పరికరం కాదు, ఆసుపత్రి నిర్వహణ సాఫ్ట్‌వేర్ మాత్రమే అని. 2020 ఫిబ్రవరి 11 నాటి కేంద్ర నోటిఫికేషన్ అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి, జబ్బుని గుర్తించడానికో, గమనించడానికో ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్‌ను కూడా ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి తెచ్చింది. అప్పటినుంచి 2017 వైద్య పరికరాల నియమాలు వర్తిస్తాయి, ముప్పును బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులు ఉంటాయి. అక్కడ కీలకమైన మాట తయారీదారు ‘ఉద్దేశం’. ఆ ఉద్దేశం ఏమిటో తేల్చడానికి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాం. ఒప్పందంలో పాలనాపరమైన సహాయ సాధనం అని ఉంది. ఆసుపత్రికి అమ్మేటప్పుడు ఇచ్చిన బ్రోచర్లో సెప్సిస్‌ను, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిని, గంటల ముందే పసిగడుతుందని రంగుల్లో ఉంది. అమ్మేటప్పుడు ఒక మాట, జవాబు చెప్పేటప్పుడు ఒక మాట కుదరదు. లైసెన్సు నంబరు చెప్పమని అడిగితే జవాబు రాలేదు.

సెక్షన్ 84 ప్రకారం డిజైన్ లోపానికి, ఇచ్చిన హామీకి తగ్గట్టు ఉత్పత్తి లేకపోవడానికి, ప్రమాదం రాకుండా వాడే సూచనలు చాలకపోవడానికి తయారీదారు బాధ్యుడు. కంపెనీ సెక్షన్ 87 పట్టుకుంది. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన ఉత్పత్తి అయి, హెచ్చరికలు ఆ నిపుణులకు అందేలా తగిన ఏర్పాట్లు చేసి ఉంటే, హెచ్చరించలేదన్న బాధ్యత తయారీదారు మీద పడదు. సరే, హెచ్చరికలు చూపించండి అన్నాం. శిక్షణ ఇచ్చిన స్లైడ్లు తెచ్చారు. లాగిన్ ఎలా, రంగులకు అర్థం ఏమిటి అన్నంతవరకు ఉంది. అటెనలాల్ లాంటి మందులు వాడేవాళ్లలో లెక్క తప్పవచ్చన్న మాట ఒక్క స్లైడ్‌లోనూ లేదు. ఈ ప్రాంతపు జ్వరాల మీద పరీక్షించిన దాఖలా కూడా లేదు.

ఏ సాధనమైనా కొన్నిసార్లు తప్పుతుందని కంపెనీ లాయరు వాదించారు. నిజమే. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో విస్తారంగా వాడుతున్న సెప్సిస్ హెచ్చరిక మోడల్‌ను తమ ఆసుపత్రిలో పరీక్షించి 2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది పట్టుకోలేదు. అంత పెద్ద సంస్థ చేసినదే అలా ఉంటే, నిమ్మతోటల, రొయ్యల చెరువుల జిల్లాలో పెట్టే ముందు ఇక్కడి రోగుల మీద ఒకసారి సరిచూడాలి కదా. మూడు నెలలు రంగు ఎవరికీ చూపించకుండా వెనక నడిపించి, రోగులకు ఏమైందో పోల్చి చూస్తే తెలిసిపోయేది. దానికి యంత్రాలు కొననక్కర్లేదు.

ముగింపు, మిగిలిన పని

సెక్షన్ 37 కింద కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపింది. తీర్పు కావాలని నాకు బలంగా ఉండేది. కానీ కాలి వేళ్లు పోగొట్టుకున్న రైతుకి అప్పీళ్లన్నీ దాటి వచ్చే తీర్పుకన్నా వడ్డీలు ఆపే డబ్బు ముఖ్యం. ఎక్కువ భాగం ఆసుపత్రి, కొంత కంపెనీ ఇచ్చాయి. మొత్తం బయటపెట్టకూడదని రాసుకున్నాం.

డబ్బుతో పాటు షరతులు రాయించాం. సర్క్యులర్ రద్దయింది. గ్రీన్ ఉన్నా ఐసీయూకి పంపే అధికారం ఇప్పుడు డ్యూటీ డాక్టరుకి ఉంది, ఎందుకు పంపారో ఒక వాక్యం రాస్తే చాలు. రంగును ఒప్పుకున్నప్పుడు కూడా ఆ వాక్యం రాయాలి. నా పట్టు ముఖ్యంగా దీని మీదే. కాదన్నప్పుడు మాత్రమే కారణం అడిగితే మనుషులు అవుననడానికే అలవాటుపడతారు. శ్వాసను నిమిషం పాటు లెక్కపెట్టాకే ట్యాబ్‌లో ఎక్కించాలి, ల్యాబ్ ఫలితం రాగానే లెక్క మళ్లీ నడవాలి, లాగ్ కేస్‌షీట్‌తో సమానంగా మూడేళ్లు ఉండాలి. అడ్మిషన్ ఫారంలో ఈ సాధనం వాడుతున్నామన్న సంగతి తెలుగులో ఉండాలన్నదానికి కూడా ఒప్పుకున్నారు. ఘటనను భారత మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి విడిగా రిపోర్టు చేశాం. వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి 2015లో మొదలైన వ్యవస్థ అది. సాఫ్ట్‌వేర్ మీద కూడా రిపోర్టు చేయవచ్చని చాలామంది డాక్టర్లకు తెలియదు.

రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులు 2002 చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్య శాఖ దగ్గర రిజిస్టర్ అవుతాయి. రోగి పడక మీదో, మందు మీదో ప్రభావం చూపే సాఫ్ట్‌వేర్ ఏది వాడుతున్నారు, దానికి లైసెన్సు ఉందా, లాగ్ ఎంతకాలం ఉంచుతారు అన్న మూడు ప్రశ్నలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ దరఖాస్తులో చేర్చమని రాతపూర్వకంగా అడిగాను. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ఆసుపత్రి కేసు ఏది వచ్చినా నోటీసు ఇద్దరికి ఒకే రోజు వెళ్తోంది. ఆసుపత్రికి ఒకటి, లాగ్ తుడవకుండా ఆపమని సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఒకటి.